గద్వాల దాటాక మొదలైన చప్పుడు

గద్వాల వెళ్లొచ్చానంటే అందరూ చీర ఏదీ అని అడుగుతున్నారు. చీర తెచ్చాను, బాగానే ఉంది. కానీ ఆ నాలుగు రోజులూ నా చెవి కారు కింద ఉంది, కన్ను డ్రైవరు మీద ఉంది. కోట, మగ్గాలు, సంత అన్నీ ఆ రెంటి మధ్య దొరికిన సందులో చూసినవే. కాబట్టి ఆ వరసలోనే చెబుతాను.

మాది తెనాలి. ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి, రిటైరయ్యాక హైదరాబాదులో ఉంటున్నాను. చచ్చినవాళ్ల వేలిముద్రలతో పొలాలు చేతులు మారడం కళ్లారా చూసినవాణ్ణి. అందుచేత కొత్తవాడెవడైనా నవ్వుతూ పలకరిస్తే నా చెయ్యి ముందు జేబు మీదికి పోతుంది. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది, నేను అనుభవం అంటాను.

కారు పాత అంబాసిడర్. కుడి కన్ను మసకబారినా ఒప్పుకోవడానికి మనసు రాక చాలాకాలం నేనే నడిపాను. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు గోడమీది అక్షరాల పట్టికను ముందురోజే బట్టీ పట్టి, గడగడా అప్పజెప్పి వచ్చాను. లైసెన్సు ఇచ్చారు. వారం తిరక్కుండా పక్కింటివాళ్ల గేటును గుద్దాను. అప్పుడు పెట్టుకున్న మొదటి డ్రైవరు కొత్త బ్యాటరీ తీసి పాతది పెట్టేశాడు. వాణ్ణి పంపించేసి, ఆనాటి నుంచి కారులో విప్పి తీయగలిగిన ప్రతి సామాను మీదా మేకుతో నా పొడి అక్షరం గీసి పెట్టుకున్నాను.

ఎనిమిది నెలల కింద కుర్మయ్య వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఊరు నాగర్‌కర్నూలు దగ్గర కోడేరు. పనిలో చేరిన రోజే చెప్పాను, అబద్ధం ఒక్కటి దొరికిందంటే ఆ పూటే ఇంటికి పంపిస్తానని. అతను నా మొహంలోకే చూస్తూ విని, "సరే సార్. ఈ పని లేకుంటే నాకు మళ్ల బొంబాయి బస్సే. అబద్ధమెందుకు జెప్త?" అన్నాడు. పాలమూరులో బొంబాయి బస్సంటే వలస. ఊళ్లకు ఊళ్లే ఎక్కి పోయి మట్టి తవ్వుతారు, రాళ్లు కొడతారు. పదకొండేళ్లు ఆ పని చేసి వచ్చిన మనిషి.

పని బాగానే చేస్తాడు. కానీ మూడు విషయాలు నాకు మింగుడుపడలేదు. వెనకనుంచి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకడు. బండి నడుపుతున్నంతసేపూ పైనున్న అద్దంలో వెనక సీట్లో ఉన్న నన్నే చూస్తుంటాడు. వానలో కూడా తన పక్క కిటికీ అద్దం ఎక్కించడు. తప్పు చేసేవాడే ఇలా కనిపెట్టుకుని ఉంటాడని నా లెక్క.

గద్వాల

కోట లోపల కాలేజీ పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మా వైపు ఇలాంటి కోట ఉంటే టిక్కెట్టు పెట్టి, పక్కన శనక్కాయల బండి పెట్టి ఉండేవాళ్లు. ఇక్కడ ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మగ్గం ఇంట్లో నేతగాడు చీర ఒంటికీ అంచుకూ పోగులు ఎలా ముడేస్తారో చూపించాడు. నూలు ఒంటికి పట్టు కొంగు అతికే చోట ప్రతి పోగునూ చేత్తో కలిపి నులమాలట. అసలు పట్టేనా అని అడిగాను. ఆయన ఒక పోగు తెంపి, అగ్గిపుల్ల గీసి కాల్చి, వెంట్రుకలు కాలిన వాసన చూపించాడు. నాలాంటివాళ్లు చాలామందే వచ్చిపోయినట్టున్నారు.

పొద్దున్నే లాడ్జి పక్క బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులకు పెట్టే పోపు, మా తెనాలిలో ఎరగం. ప్లేటు ఎనిమిది రూపాయలు. బండి ఆవిడ రెండు బజ్జీలు ఊరికే వేసింది. "ఇవెందుకు?" అన్నాను. "తినుండి సార్, స్వల్ప కారం ఉంటయి," అంది. ఆమెది రాయచూరు వైపట, మాటకో కన్నడ ముక్క దొర్లుతోంది. ఊరికే ఇచ్చిన బజ్జీలు నిన్నటివేమోనని విరిచి చూశాను. వేడివేడిగా పొగలు వచ్చాయి.

తిని వచ్చేసరికి లాడ్జి ఆవరణలో కారు కిందినుంచి రెండు కాళ్లు కనబడ్డాయి. "ఏం చేస్తున్నావ్ కుర్మయ్యా?" అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. చివరికి కాలు మీద తడితే ఉలిక్కిపడి బయటికి వచ్చాడు. చేతులనిండా నల్లటి మడ్డి.

"ఊకెనే చూస్తున్న సార్," అన్నాడు.

ఊరికే ఎవడూ కారు కిందికి దూరడు. ఊళ్లోంచి బయటపడి పది నిమిషాలు కాలేదు, నా సీటు కిందినుంచి చప్పుడు మొదలైంది. నూనెలేని బావి గిలకలా కుయ్, కుయ్, కుయ్ అని. మెల్లగా పోతే మెల్లగా, వేగం పెంచితే దగ్గర దగ్గరగా. ఆగి కదిలినప్పుడల్లా టక్కుమని ఒక దెబ్బ.

"ఆ చప్పుడేంటి?" అన్నాను ముందుకు వంగి.

అద్దంలోకి చూశాడు. "ఏంది సార్?"

"చప్పుడు. కిందినుంచి."

చూపు రోడ్డు మీదికి తిప్పేశాడు. "ఏం చప్పుడు లేదు సార్."

నా చెవిలో గిలక తిరుగుతుంటే లేదంటాడు. వీడు కారు కింద ఏదో విప్పాడు, మంచిది అమ్మి పాడైనది బిగించాడు అనుకున్నాను. ఇక ఈ ప్రయాణం అయ్యేలోగా దొంగతనం పట్టుకోవడం, పట్టుకుని పంపించేయడం ఖాయమనుకున్నాను.

ఎర్రవల్లి చౌరస్తాలో ఒక మెకానిక్కు జాకీ పెట్టి, వెనక చక్రాలు పట్టుకుని ఊపి, బేరింగుల్లో గ్రీజు అయిపోయిందన్నాడు. గ్రీజు కొట్టి అరవై రూపాయలు తీసుకున్నాడు. కృష్ణ వంతెన దాటేలోపే కుయ్‌కుయ్ మళ్లీ మొదలైంది.

పెబ్బేరు

ఆ రోజు సంత. ఎద్దులు, ఆవులు, గొర్రెలు, వాటి మధ్య దుమ్ములో మనుషులు. జొన్నరొట్టె, తలకాయకూర పాతిక రూపాయలు. నేను శాకాహారిని గనక రొట్టె, ఉల్లిపాయ, ఎర్రకారం తిన్నాను. కంట్లో నీళ్లు తిరిగాయి గానీ రొట్టె రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

అక్కడి బేరం చూడాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు కలుపుకుని, పైన ఒక తువ్వాలు కప్పుకుంటారు. ఇక మాటలుండవు. తువ్వాలు కింద వేళ్లు కదులుతాయి. పక్కన నిలబడ్డ ఒక ముసలి రైతు నాకు వివరించాడు. "ధర నోటితోని జెప్తే పక్కోడింటడు సార్. వేలు పట్టుకుంటే ఇంత, రెండు పట్టుకుంటే గింత. బేరం కుదిరితే ఐదు వేళ్లు కలిపి గట్టిగ పట్టి ఒత్తుతరు. ఇంగ మాట మార్చేది లేదు."

బాగుందని చూస్తుంటే, ఆ గుంపులో మా కుర్మయ్య కనబడ్డాడు. అతని చెయ్యి కూడా ఒక తువ్వాలు కింద ఉంది. అవతలివాడు తలపాగా మనిషి, బంగారు పన్ను. ఇద్దరూ ఒక్క మాటా లేకుండా ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటున్నారు. నేనెప్పుడూ చూడనంత ధీమా కుర్మయ్య మొహంలో ఉంది. నా కారో, నా కారు సామానో బేరం పెట్టాడనుకున్నాను.

వచ్చాక అడిగాను. "మా ఊరాయన ఎద్దు కొంటుండు సార్, బేరం నన్ను జెయ్యమన్నడు," అన్నాడు. ఆ ఊరాయన ఏడంటే, ఎద్దును తోలుకుని పోయాడట. నేను కారు దగ్గరికి పోయి బ్యాటరీ, జాకీ, స్టెప్నీ, లోపలి టేపు అన్నింటి మీదా నా గీత చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. కింద ఉన్నవాటి మీద గీత గీసుకోలేదని మాత్రం అప్పుడు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్నాను.

వనపర్తి

ఊరు చల్లగా, చెట్లతో బాగుంది. రాజుగారి బంగళాలో పాలిటెక్నిక్ నడుస్తోంది. అంత పెద్ద మెట్లమీద కూర్చుని పిల్లలు డ్రాయింగు కాగితాలు ఆరబెట్టుకుంటున్నారు.

ఇక్కడి మెకానిక్కు షెడ్డు పెద్దది. అతను కారును వంద గజాలు నడిపి చూసి దిగాడు. "వెనక ఇరుసు హౌసింగుల పళ్లచక్రం అరిగింది సార్. మొత్తం దింపాలె. మూడు రోజులైతది, ఆరువేలైతది," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చూపు కారు మీద లేదు, నా చేతి గడియారం మీద ఉంది.

కుర్మయ్య నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "వద్దు సార్. గది కాదు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. దొరికాడు అనుకున్నాను. "అసలు చప్పుడే లేదన్నావు. లేని చప్పుడు ఎక్కణ్ణుంచి కాదో నీకెలా తెలుసు?"

తల వంచుకున్నాడు. "కాలికి తెలుస్తది సార్," అన్నాడు.

కాలికి తెలియడమేమిటి, నా తలకాయ. వెక్కిరిస్తున్నాడనుకున్నాను. షెడ్డు వదిలి బయటికి వచ్చాను, అది కుర్మయ్య మాట విని కాదు, ఆరువేలు విని. ఆ రాత్రి లాడ్జికి వెళ్లి మా ఆవిడకు ఫోను చేసి, హైదరాబాదు చేరగానే ఇతన్ని మానిపిస్తానని చెప్పాను. "సాక్ష్యం దొరికిందా?" అంది. "కోడేరు నాగర్‌కర్నూలు దారిలోనే కదా, రేపు వాళ్ల ఇల్లు చూస్తే అదే దొరుకుతుంది," అన్నాను.

కోడేరు

ఇల్లు చూద్దామనే వెళ్లాను, ఎక్కడైనా కొత్త సామాను, కొత్త టీవీ కనబడతాయేమోనని. రెండు గదులు, ఒక మంచం, గోడకు ఒక అద్దం. అతని భార్య లక్ష్మమ్మ రొట్టెలు కొట్టి, పుంటికూర, అదే మా గోంగూర, పప్పు వేసింది. అతనితో ఏదైనా చెప్పాలంటే ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, భుజం తట్టి, ఎదురుగా నిలబడి చెబుతోంది. మొగుడంటే ఎంత గౌరవమో అనుకున్నాను.

బయల్దేరుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. "సార్, మీకాడ పనిల ఉన్నంక ఈయన నెలకోపారి ఇంటికొస్తుండు. పిల్లలు మొఖం గుర్తువడుతున్నరు. తప్పేమన్న జేస్తే కొట్టుండ్రి, గని మళ్ల బొంబాయికి పంపకుండ్రి."

అంటే తప్పేదో ఉందని ఈమెకూ తెలుసన్నమాట. నేను తల ఊపి కారెక్కాను. పుంటికూర మాత్రం చాలా బాగుంది.

ఊరు దాటిన రెండు మైళ్లకు ఎత్తిపోతల కాలువ తవ్వుతున్నారు. రాళ్లు పేల్చేముందు దారి ఆపుతారు. దూరంగా ఒక మనిషి ఈల ఊదుతున్నాడు, నాకు స్పష్టంగా వినబడుతోంది. పక్క చేలోంచి ఇంకో ఇద్దరు "ఆగుండ్రి, ఆగుండ్రి" అని కేకలు వేస్తున్నారు. కుర్మయ్య కారు ఆపలేదు. మలుపులో చెట్టు అడ్డం ఉంది. ఈల ఊదేవాడు ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మీదికి దూకితే, అప్పుడు బ్రేకు వేశాడు. కారు అతనికి మూరెడు దూరంలో ఆగింది. అర నిమిషానికి అవతల నేల అదిరింది, రాళ్లు ముక్కలై కాలువలో పడ్డాయి.

"చెవులు లేవా నీకు? ఈల ఇనవడదా?" అని ఆ మనిషి కిటికీలోంచి తిట్టాడు. నేను దిగి, కుర్మయ్య నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. తాగలేదు. అతని మొహం మట్టిరంగుకు తిరిగింది. నాగర్‌కర్నూలు దాకా ఇరవై మీదే నడిపాడు.

నాగర్‌కర్నూలు

బస్టాండు వెనక జాఫర్ భాయ్ షెడ్డు. షెడ్డంటే నాలుగు రేకులు. ఆయనకు డెబ్బై ఏళ్లుంటాయి, గడ్డానికి గోరింటాకు. నేను ఏమీ చెప్పకుండా కారు ఆయన ముందు పెట్టించాను, ఈయనేం కథ చెబుతాడో చూద్దామని.

కారు వెనక భాగాన్ని దుంగల మీదికి ఎత్తి, కుర్మయ్యను లోపల కూర్చోబెట్టి, గేరులో మెల్లగా తిప్పమని సైగ చేశాడు. గోడకు వేలాడుతున్న ఒక తుమ్మకర్ర తీశాడు. మూరెడు పొడవుంటుంది. ఒక కొస మీద పంటిగాట్లు పడి ఉన్నాయి. ఆ కొస పళ్ల మధ్య పట్టుకుని, కిందికి దూరి, రెండో కొసను ముందు గేరుపెట్టె మీద ఆనించాడు. తరవాత వెనక హౌసింగు ముక్కు మీద. అటూ ఇటూ రెండుమూడుసార్లు పెట్టి, బయటికి వచ్చాడు.

"ఇంజను నుంచి ఎనక చక్రాలకు తిప్పుడు తీస్కపోయే రాడ్డుంటది గదా సార్. దాని ముందటి కొసకు ముడి ఉంటది, క్రాస్ అంటం. గది ఎండిపోయింది. సామాను రెండొందల యాభై. హౌసింగుకు ఏం గాలే."

"చెవితో వింటే చాలదా, నోట్లో ఎందుకు?" అన్నాను.

"చెవిల అన్ని చప్పుళ్లు కలుస్తయి. పండ్లకు పెడితే దేని చప్పుడు దానిదే, సీదా ఎముకల నుంచి వస్తది. నమ్మకుంటే మీరే చూడుండ్రి."

నమ్మలేదు కాబట్టే చూశాను. కర్ర కొస రుమాలుతో రెండుసార్లు తుడిచి, పళ్ల మధ్య పట్టుకుని, కారు కిందికి వంగాను. గేరుపెట్టె మీద ఆనించగానే నా పుర్రె లోపల కుయ్ మని మోగింది. వెనక పెడితే సన్నగా, దూరంగా ఉంది. ఆయన చెప్పింది నిజమే.

కుర్మయ్య దిగి వచ్చి చూస్తున్నాడు. "జర నాకియ్యుండ్రి భాయ్," అన్నాడు. జాఫర్ భాయ్ ఒక క్షణం అతని మొహంలోకి చూసి, కర్ర ఇచ్చి, తనే వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కుర్మయ్య కర్ర కొరికి పట్టుకుని కిందికి దూరాడు. ఒక నిమిషమైంది, రెండయ్యాయి. బయటికి రాడు. చివరికి నేను వంగి చూశాను. వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, కర్రను అలాగే ఆనించి ఉంచాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి కారుతున్నాయి.

బయటికి వచ్చి, "కుయ్ అంటుంది సార్," అన్నాడు. "మీరు జెప్పినట్లనే."

"ఆ మాట రెండు రోజులనుంచి చెబుతున్నాను. చప్పుడే లేదన్నావు కదా."

"నాకు లేకుండె సార్."

అక్కడే నేలమీద కూర్చుని చెప్పాడు. బొంబాయి దగ్గర రాతిగనిలో పనిచేస్తుంటే, పేలదనుకున్న మందు పేలిందట. అప్పటినుంచి రెండు చెవుల్లోనూ హోరే, దగ్గరగా, గట్టిగా అంటే తప్ప మాట అందదు. లైసెన్సు అంతకుముందుదే. అద్దంలో చూసేది నా పెదాలు కదులుతున్నాయేమోనని. కిటికీ తెరిచి పెట్టేది హారన్లు కాస్తయినా అందుతాయని. గద్వాల పోతున్నప్పుడే అరికాలికి వణుకు తెలిసి, పొద్దున కిందికి దూరి రాడ్డును చేత్తో ఊపి చూశాడు, ముందు ముడి వదులుగా ఉంది.

"మరి చెప్పొచ్చు కదా?"

"చెప్తే, చప్పుడెట్లున్నదని అడుగుతరు. ఏమని జెప్పాలె సార్?"

అతనేదో దాస్తున్నాడన్న నా అనుమానం నిజమే అయింది. అయినా నాకు గెలిచినట్టు అనిపించలేదు, సిగ్గేసింది. పెబ్బేరు సంతలో ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా అప్పుడు తెలిసింది. ఊరంతటిలో చెవులతో పనిలేని చోటు అదొక్కటే. కానీ ఎర్రగుడ్డ పట్టుకుని దూకిన మనిషి కూడా కళ్లముందు కదిలాడు. మూరెడు దూరం. సిగ్గు ఒక పక్క, భయం ఒక పక్క పెట్టుకుని లాడ్జికి నడిచిపోయాను.

మర్నాడు క్రాస్ మార్చారు. జాఫర్ భాయ్ మజూరీ నూరు తీసుకున్నాడు. నేను పాత ముడి చేతిలోకి తీసుకుని చూశాను. లోపలి సన్నటి సూదుల్లాంటి ఉక్కు పుల్లలు తుప్పుపట్టి పొడి అయిపోయాయి. ఎవరూ మార్చలేదు, ఎవరూ దొంగిలించలేదు. నేనే రెండేళ్లుగా గ్రీజు పెట్టించలేదు, మెకానిక్కులు మోసగాళ్లని.

కుర్మయ్య తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కల్వకుర్తి దాంక తోల్త సార్. ఆడ బొంబాయి బస్సు దొరుకుతది. ఆడినుంచి మీరు వేరే డ్రైవర్ని జూసుకోండ్రి. నిన్న ఆ మనిషికి తాకి ఉంటే..." అని ఆపేశాడు.

కల్వకుర్తి

తాళంచెవి తిరిగి ఇచ్చి, మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. దారంతా వెనక హారను వినబడితే డాష్‌బోర్డు మీద ఒకసారి తట్టాను, ఎవరైనా కేకేస్తే రెండుసార్లు. అతను ఆ తట్టు స్టీరింగు మీది చేతులతో అందుకుని పక్కకు తీశాడు. దూరంగా బోర్డులు కనబడితే అతనే చదివాడు, నా కంటికి అవి మసకగా ఉన్నాయి. ఆ మసకకే కదా నేను పట్టిక బట్టీ పట్టి లైసెన్సు తెచ్చుకున్నది. అబద్ధం ఒక్కటి దొరికితే పంపిస్తానని బెదిరించినవాణ్ణి నేనే.

కల్వకుర్తి బస్టాండు ముందు కారు ఆపాడు. ఇంజను ఆపలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, నేను దిగమంటే దిగుదామన్నట్టు ముందుకే చూస్తూ కూర్చున్నాడు. బస్సు పక్కన ఆడవాళ్లు, మూటలు, గంపల్లో గిన్నెలు, పారలు. కండక్టరు తలుపు మీద కొడుతూ పిలుస్తున్నాడు, ఆ పిలుపు కుర్మయ్యకు అందలేదు.

నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ముందు చెవుల దవాఖానకు పోదాం. డాక్టరు సరే అనేదాకా నువ్వు ఒంటరిగా నడపకూడదు, ఊరి బయట నేను పక్కన లేకుండా బండి కదలకూడదు. నా కన్ను కూడా చూపించుకుంటాను. ఇవన్నీ తరవాత కాగితం మీద రాసి ఇచ్చాను, అలాగే చేస్తున్నాం. కానీ ఆ బస్టాండు గోలలో ఏ మాటా అతనికి అందేది కాదు.

నా భుజం మీది తువ్వాలు తీసి గేరు మీది అతని చేతిమీద కప్పాను. దాని కింద నా చెయ్యి పెట్టి, ఐదు వేళ్లూ కలిపి గట్టిగా ఒత్తాను.

కుర్మయ్య తువ్వాలు వైపు చూశాడు, తరవాత నా వైపు. చాలాసేపు వేళ్లు కదపలేదు. ఆ తరవాత అతను కూడా ఒత్తాడు. సంచి తీసి వెనక సీట్లోకి విసిరి, గేరు వేశాడు. కారు టక్కుమనకుండా కదిలింది, ఊరు దాటింది, ఇరవై దాటి ముప్పై మీదికి వచ్చింది. నేను సీటు కిందికి చెవి పెట్టి కాసేపు విన్నాను.

అతని వైపు పూర్తిగా తిరిగి, పెదాలు కనబడేట్టు చెప్పాను. "ఏం చప్పుడు లేదు కుర్మయ్యా."